పోగుచేయుటకు ముందు
(పాత వస్తువుల సేకరణ దినమును గూర్చి ఒక పాఠము)



ఏ వస్తువును "చెత్త" అను పేరుతో పుట్టదు. ఉదయము వార్తలు మోసికొని వచ్చిన పత్రిక సాయంకాలమునకు చిత్తుకాగితమగుచున్నది. పాలు గిన్నెలో పోసిన మరుక్షణమే పాలసంచి పారవేయదగినదగుచున్నది. మన పెద్దల యిండ్లలో చిరిగిన చీర బొంతయయ్యెడిది. పేడయు, ఊకయు, కూరగాయల తొక్కలును ఎరువుగుంతకు చేరి, తిరిగి చేనికి పోయెడివి. పాతబట్టలకు స్టీలు గిన్నెలిచ్చువారును, "పాత పేపర్లు, ఇనుప సామాన్లు కొంటాం" అని కేకవేయువారును వీధివీధికి వచ్చెడివారు. ప్రతి వస్తువునకును వాడుక తీరిన పిమ్మట పోవుటకొక త్రోవ యుండెడిది.

ఇప్పుడు మన యిండ్లలోనికి వచ్చు వస్తువులలో అనేకములకు లోనికి వచ్చు త్రోవ కలదు గాని, బయటికి పోవు త్రోవ లేదు. కావుననే అనేక గ్రామములలోను, పట్టణములలోను యువకులును, పాఠశాలలును, దేవాలయములును, మఠములును ఒక దినము నిర్ణయించి, పాత వస్తువులను ఒకచోట చేర్చి, తిరిగి ఉపయోగపడునట్లు పంపు కార్యక్రమములను నడుపుచున్నారు. ఇది మంచి పని. అయితే మంచి పనియైనను క్రమము తప్పి చేసినచో చెడుఫలమే యిచ్చును. ఆ క్రమమును తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము. నేను బడిపంతులను, ఈ విషయమున శాస్త్రజ్ఞుడను కాను. ఒకసారి చేసి చెడగొట్టి, రెండవసారి చేసి కొంత నేర్చికొన్నవాడను.

1. మొదటి ప్రయత్నము

కొన్నియేండ్ల క్రిందట, దీపావళికి ముందు ఇండ్లు శుభ్రపరచుకొను దినములలో, ఒక ఆదివారమున సేకరణ జరుపవలెనని మా పాఠశాల విద్యార్థులును, వీధి పెద్దలును కలిసి తలపెట్టిరి. "మీ యింట పనికిరానివన్నియు తీసికొని రండు" అని కరపత్రములు పంచితిమి. ఆ ఒక్క వాక్యమే మమ్ము ముంచినది.

మధ్యాహ్నము కాకమునుపే పెద్దగుట్ట పేరుకొనెను. అందులో నోటుపుస్తకములు, అట్టపెట్టెలు, నీళ్లసీసాలు మాత్రమే గాక చిరిగిన పరుపులు, మందుసీసాలు, రంగుడబ్బాలు, కాలిపోయిన ట్యూబులైట్లు, బిస్కత్తు పొట్లముల కాగితములు, చెడిన సెల్‌ఫోనులు, కూర మిగిలిన డబ్బాలు అన్నియు కలిసిపోయెను. సాయంకాలమున వాన కురిసెను. కాగితములు తడిసి ముద్దయ్యెను. మరునాడు పాతసామాను కొట్టు యజమాని వచ్చి, ఇనుమును, కొన్ని సీసాలను ఏరుకొని, "తడిసిన కాగితం మిల్లు తీసుకోదు, కలిసినదాన్ని నేను ఏరలేను" అని చెప్పి వెడలిపోయెను. మిగిలినదంతయు ట్రాక్టరు మీద ఊరి వెలుపలి కుప్పకే చేరెను.

ట్రాక్టరు వెంట వచ్చిన ఏడవ తరగతి బాలుడొకడు నన్నిట్లడిగెను: "సార్, మన ఇండ్లల్ల ఉన్న చెత్తను తెచ్చి ఇక్కడ పొయ్యడానికేనా ఆదివారమంతా మనం కష్టపడ్డది?" నా యొద్ద సమాధానము లేకపోయెను.

అంతకన్న పెద్ద పాఠము అక్కడనే ఉండెను. ఆ కుప్పపై చిత్తుకాగితములు ఏరుకొని బ్రతుకు ఒక తల్లి, మేము పోసినదానిలో చేయి పెట్టగా, పగిలిన ట్యూబులైటు గాజు అరచేతిలో దిగెను. చేతికి గుడ్డ చుట్టుకొనుచు ఆమె అనిన మాటలు నేటికిని నా చెవులలో నున్నవి: "సారూ, సోమవారం పొద్దున మీ వీధులల్ల కాయితాలు ఏరుకుంటే మాకు ఆ పూట ఎల్లేది. మీరు పిల్లల్ని పెట్టి అన్నీ ఎత్తుకపోతిరి. ఎత్తుకపోయి ఏం చేసిన్రు? తెచ్చి ఈడ పోసిన్రు."

ఆమె కూడును తీసివేసితిమి, ఆమె చేతిని గాయపరచితిమి. దానికి మేము పెట్టిన పేరు సేవ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2. మూలసూత్రము

ఆ అనుభవము వలన తెలిసిన సూత్రమిది: చేర్చవలసిన చోటు నిర్ణయింపనిదే ఏ వస్తువును పోగుచేయరాదు. పెండ్లికి పిలుపు పంపుటకు ముందు వంటవానిని కుదుర్చుకొందుము గదా! అట్లే, "తెండు" అని జనులను పిలుచుటకు ముందు "ఇది మేము తీసికొందుము" అని చెప్పువారిని వెదకి కుదుర్చుకొనవలెను. తీసికొనువారు లేని వస్తువును మనము స్వీకరించినచో, ఒక యింటి చెత్తను మరియొక చోటికి మార్చిన వారమే అగుదుము.

ఇందుకై వస్తువులను మూడు తరగతులుగా తెలిసికొనవలెను.

మొదటి తరగతి, కొట్టువారు కొనునవి: పొడిగానున్న వార్తాపత్రికలు, నోటుపుస్తకములు, అట్టపెట్టెలు; ఇనుము, రాగి, ఇత్తడి, అల్యూమినియము; నీళ్లసీసాలు, షాంపూ సీసాలు, బకెట్లవంటి గట్టి ప్లాస్టిక్కు; కడిగి ఆరబెట్టిన పాలసంచులు. వీనిని మరల వాడుట వలన గొప్ప లాభము కలదు. పాత అల్యూమినియమును కరగించుటకు, ఖనిజము నుండి క్రొత్తగా తీయుటకగు విద్యుచ్ఛక్తిలో నూటికి 5 పాళ్లు మాత్రమే చాలును. గాజును ఎన్నిమారులైనను కరగించి మరల పోయవచ్చును. అయితే సీసాలు కొనువారు అన్ని ఊళ్లలోను ఉండరు గనుక ముందుగా విచారింపవలెను. కాగితమట్లు కాదు, మరల మరల నానబెట్టి చేయునప్పుడు అందలి నారపోగులు పొట్టివగుచు పోవును గావున సుమారు 5 మొదలు 7 మారులకు మించి పనికిరాదు. నూనె అంటిన కాగితమును, తడిసి కుళ్లిన కాగితమును మిల్లువారు తీసికొనరు.

రెండవ తరగతి, కొనువారు దొరకుట కష్టమైనవి: చిప్సు, బిస్కత్తు పొట్లములవంటి పలుపొరల సంచులు, థర్మోకోలు, ప్లాస్టిక్కు పూత గల విస్తళ్లు, గ్లాసులు. పలుపొరల సంచిలో ప్లాస్టిక్కును, అల్యూమినియమును పలుచగా అతికియుండుట చేత వానిని విడదీయుట సులభము కాదు.

మూడవ తరగతి, ప్రమాదకరమైనవి: ట్యూబులైట్లలో కొంచెము పాదరసముండును, పగిలినచో ఆవిరియై ఊపిరిలోనికి పోవును. వాహనముల బ్యాటరీలలో సీసమును, ఆమ్లమును ఉండును. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని గ్రుచ్చినను, నలిపినను మంటలు పుట్టును. రాగికై తీగలను కాల్చుట మిక్కిలి దోషము. పై తొడుగు కాలినప్పుడు వచ్చు పొగ విషపూరితము. మందులు, సూదులు, పురుగుమందు డబ్బాలు కూడ ఈ తరగతిలోనివే.

ప్లాస్టిక్కు వస్తువుల అడుగున త్రికోణములో 1 నుండి 7 వరకు ఏదో ఒక అంకె కనబడును. 1 నీళ్లసీసాల జాతి; 2 షాంపూ సీసాలు, డబ్బాల జాతి; 5 మూత డబ్బాల జాతి. ఈ పద్ధతి 1988లో అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమల సంఘము చేత ప్రారంభింపబడినది. ఇది జాతిని తెలుపును గాని, మన ఊరిలో కొనువాడున్నాడని తెలుపదు. ఆ సంగతి కొట్టువారిని అడిగియే తెలిసికొనవలెను.

3. శాసనము చెప్పునది

2016లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ఘనవ్యర్థ నిర్వహణ నియమములు ప్రతి గృహస్థుడును తడి, పొడి, ప్రమాదకర వ్యర్థములను ఇంటియందే వేరుపరుపవలెనని విధించినవి. నూరుమందికి మించి కూడు సభలను లైసెన్సు లేని స్థలమున జరుపువారు కనీసము మూడు పనిదినములకు ముందు స్థానిక సంస్థకు తెలుపవలెననియు, అక్కడ పుట్టిన వ్యర్థములను వేరుచేసి అప్పగింపవలెననియు ఆ నియమములలో నుండెను. జాతరలు, అన్నదానములు జరుపువారు దీనిని ముఖ్యముగా గమనింపదగును. విద్యుత్తు పరికరముల వ్యర్థమునకు వేరుగా 2022లో నియమములు వెలువడి 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. వాని ప్రకారము పాత కంప్యూటర్లు, ఫోనులు మొదలగునవి నమోదు పొందిన సంస్థల ద్వారానే శుద్ధి కావలెను. నియమములు కాలానుసారముగ మారుచుండును గనుక, కార్యక్రమమునకు ముందు పురపాలక కార్యాలయమునకో, పంచాయతీ కార్యాలయమునకో వెళ్లి నాటి నియమమును అడిగి తెలిసికొనుట శ్రేయస్కరము.

4. ఎవరి పని ఇది?

మనము ఒక దినము చేయు పనిని ఏడాది పొడవునను చేయువారు కలరు. వీధులలో కాగితము, ప్లాస్టిక్కు ఏరువారే లేకున్నచో మన ఊళ్ల కుప్పలు ఇంకను ఎత్తుగా నుండెడివి. పుణె నగరమున ఇట్టివారు 1993లో కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ అను సంఘముగా ఏర్పడిరి. 2008లో స్వచ్ఛ్ అను సహకార సంస్థ ద్వారా నగరపాలక సంస్థతో ఒప్పందము చేసికొని, ఇంటింటికి వెళ్లి వ్యర్థములను సేకరించు పనివారైరి. నిన్నటి వరకు కుప్పలపై ఏరుకొనినవారే గుమ్మము వద్దకు గౌరవముతో వచ్చువారైరి. బెంగుళూరులోని హసిరు దళ అను సంస్థయు ఇట్టి పనివారితో కలిసి పనిచేయుచున్నది.

మన పాఠకులకు ఇది క్రొత్త సంగతి కాదు. కల్యాణపురమున రాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చుటయే కాయకముగా గల ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ మన యిండ్లలో అందరును విన్నదే. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చిన బియ్యమును లక్కమ్మ తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. రాలినదానిని ఏరుట హీనము కాదనియు, అక్కరకు మించి కూర్చుట తగదనియు ఆ కథ రెండు మాటలు చెప్పుచున్నది. మొదటి మాట ఏరువారిని చులకనగా చూచు మనకును, రెండవ మాట అవసరము లేనివి కొని తెచ్చు మనకును వర్తించును.

5. చేయవలసిన క్రమము

నెల దినములకు ముందు: ఐదారుగురితో ఒక చిన్న సంఘము ఏర్పడవలెను. ఊరిలోని పాతసామాను కొట్లన్నిటికిని స్వయముగా వెళ్లి, ఏ వస్తువును ఏ ధరకు, ఏ స్థితిలో తీసికొందురో వ్రాసికొనవలెను. విద్యుత్తు వస్తువులకు నమోదు పొందిన సంస్థవారు వచ్చెదరో లేదో కనుగొనవలెను. ఎవరును తీసికొనని వస్తువులను స్వీకరింపబడువాని జాబితా నుండి అప్పుడే కొట్టివేయవలెను.

అదే వారమున ఆ వీధులలో ఏరుకొనువారితో మాటలాడవలెను. వారి రాబడికి లోటు రాకుండునట్లు, ఆ దినపు పనికి వారినే పిలిచి, కూలి ముందుగా నిర్ణయింపవలెను. అమ్మగా వచ్చు సొమ్ములో వారి పాలెంతయో కూడ ముందే తేల్చవలెను.

రెండు వారములకు ముందు: కరపత్రము వేయవలెను. అందు "పనికిరానివన్నియు" అను మాట ఉండరాదు. ఒక ప్రక్క "తెండు" అనియు, మరియొక ప్రక్క "తేవలదు" అనియు వస్తువుల పేర్లు స్పష్టముగా ముద్రింపవలెను. "కడిగి, ఆరబెట్టి, వేరువేరు సంచులలో తెండు" అనునది పెద్ద అక్షరములలో నుండవలెను. పాలసంచి మూలను పూర్తిగా కత్తిరింపక అంటియే యుండనిచ్చినచో ఆ చిన్నముక్క మురుగుకాలువ పాలు కాదని గృహిణులకు తెలుపవలెను. సెల్‌ఫోను ఇచ్చువారు సిమ్ము తీసి, అందలి తమ సమాచారమును తుడిచివేసి ఇయ్యవలెను.

ఆ దినమున: వానకు తడియని, ఎండకు నిలిచిన నీడ గల చోటు, అనగా పాఠశాల వరండాయో, మఠపు మండపమో అయిన మంచిది. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క బల్ల వేసి పేరు వ్రాసి పెట్టవలెను. తెచ్చినవారి చేతనే వేరుచేయించవలెను. తూకపు యంత్రము, చేతితొడుగులు, త్రాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె సిద్ధముగా నుండవలెను. గాజు, బ్యాటరీల బల్లల వద్దకు పిల్లలను పంపరాదు. వారికి లెక్కలు వ్రాయు పని అప్పగింపవలెను. కొట్టువారి బండి సాయంకాలములోగా వచ్చునట్లు చూడవలెను. సరకు రాత్రి నిలువ ఉండరాదు.

మరునాడు: ఏ వస్తువు ఎంత వచ్చినది, ఎవరికి చేరినది, ఎంత సొమ్ము వచ్చినది, ఎవరికి ఎంత ఇచ్చినది, ఈ నాలుగు లెక్కలును అందరికిని కనబడునట్లు గోడమీద అతికింపవలెను. లెక్క చూపని సత్కార్యమునకు రెండవసారి జనులు రారు.

6. రెండవ ప్రయత్నము

ఏడాది గడచిన పిమ్మట మరల పూనుకొంటిమి. చేయి తెగిన ఆ తల్లి వద్దకే మొదట వెళ్లితిని. ఆమె నన్ను చూచి, "మళ్లెందుకొచ్చినవు సారూ?" అనెను. "ఈసారి నీవు చెప్పినట్లు చేద్దామని వచ్చిన అమ్మా" అంటిని. ఆమె కొంతసేపు నమ్మలేదు. తరువాత, ఏ కాగితమునకు ఎంత ధరయో, ఏ ప్లాస్టిక్కును ఏ కొట్టువారు తీసికొందురో ఒక్కొక్కటిగా చెప్పెను. త్రికోణపు అంకె చూడనక్కరలేకయే, చేతితో నొక్కి, చప్పుడు విని ఆమె జాతిని గుర్తించెడిది. ముప్పది యేండ్లు పాఠములు చెప్పిన నేను ఆ దినము విద్యార్థినైతిని.

సేకరణ దినమున ఆమెయు, ఆమె చెల్లెలును ప్లాస్టిక్కు బల్ల వద్ద కూర్చుండి, పిల్లలకు నేర్పుచు వేరుచేసిరి. ఆ బల్లల వరుసలో చివరి బల్లకు "తిరిగి తీసుకుపోవలసినవి" అని పేరు పెట్టితిమి. మా ఊరిలో తీసికొనువారెవరును లేని వస్తువులను ఆ బల్ల వద్ద తెచ్చినవారికే తిరిగి ఇచ్చితిమి. ఒక పెద్దమనిషి ఒక సంచి నిండ పొట్లముల కాగితములు తెచ్చి, తిరిగి ఇచ్చుట చూచి మండిపడెను.

"సారూ, మోసుకొచ్చినదాన్ని మళ్లీ నాకే ఇస్తున్నరా? ఇందుకేనా పిలిచింది?"

"అయ్యా, కోపగించకండి. దీన్ని తీసుకునేవాళ్లు మన ఊళ్లో లేరు. నేనిక్కడ ఉంచుకుంటే రేపు కుప్పలో పోయాల్సిందే. మీకు అబద్ధం చెప్పలేక తిరిగి ఇస్తున్నాను."

ఆయన ఏమియు పలుకక సంచి తీసికొని వెళ్లిపోయెను. మాకు చిన్నతనముగా నుండెను. కాని నెల దినముల పిమ్మట బజారులో కనబడి, "మా మనవళ్లకు పొట్లాలు కొనడం తగ్గించిన సారూ, పల్లీలు వేయించి ఇస్తున్నం. ఆ సంచి ఇంకా మా వరండాలనే ఉంది, చూసినప్పుడల్లా యాదికొస్తది" అని నవ్వెను. మేము అమ్మిన వస్తువులన్నిటికంటె ఆ తిరిగి ఇచ్చిన సంచియే ఎక్కువ పని చేసినదని నాకు తోచెను.

అన్నియు చక్కగా జరిగినవని చెప్పజాలను. ట్యూబులైట్లను జాబితాలో వలదని వ్రాసినను కొందరు తెచ్చిరి. వానిని అట్టలో చుట్టి, ఇంట భద్రముగా నుంచుకొనుడని తిరిగి ఇయ్యవలసి వచ్చెను. చిరిగిన బట్టలకు త్రోవ దొరకలేదు. వచ్చిన సొమ్ము కూలికిని, బండికిని పోగా ఎక్కువ మిగులలేదు. అయినను ఆ దినము మేము స్వీకరించిన వస్తువులలో ఒక్కటియు కుప్పకు పోలేదు. మొదట నన్ను ప్రశ్నించిన బాలుడే ఈసారి లెక్కల పుస్తకము పట్టుకొని, ప్రతి వస్తువు ఎదుట "ఎక్కడికి?" అను గడిలో పేరు వ్రాసెను. ఆ గడిలో ఒక్క వరుసయు ఖాళీగా లేదు. అతని ప్రశ్నకు నేను ఇయ్యలేకపోయిన సమాధానమును అతడే వ్రాసికొనెను.

7. ముగింపు

సోదర సోదరీమణులారా! సేకరణ దినము ఏడాదికొకసారి వచ్చును. వ్యర్థము ప్రతిదినము పుట్టును. కావున ఈ కార్యక్రమము మన అలవాట్లను చూపు అద్దమని భావింపవలెను. ఇంట మూడు పాత్రలు పెట్టుట, తడి వ్యర్థమును ఎరువు చేయుట, అన్నదానమున ప్లాస్టిక్కు పూత విస్తళ్లకు మారుగా మోదుగాకు విస్తళ్లో, కడిగి వాడుకొను పళ్లెములో వాడుట, సంతకు గుడ్డసంచి కొనిపోవుట, ఇవి నిత్యము చేయవలసినవి. వీధిలో ఏరుకొను తల్లి కనబడినప్పుడు, కాగితములను వేరుచేసి శుభ్రముగా ఆమె చేతికిచ్చి, "అమ్మా" అని పిలుచుట అన్నిటికంటె మొదట చేయదగినది. అందుకు ఏ దినమును నిర్ణయింపనక్కరలేదు.

మననమునకు ప్రశ్నలు

(కుటుంబమున పిల్లలతో కలిసి చర్చింపదగినవి)

1. నిన్న మన యింటి నుండి బయటికి పోయిన వస్తువులెవ్వి? అవి ఏ చోటికి చేరినవో మనకు తెలియునా?

2. వానిలో తీసికొనువారెవరును లేనివి ఎన్ని? వానికి మారుగా ఏమి వాడవచ్చును?

3. మన వీధిలో కాగితములు ఏరుకొనువారెవరు? వారితో మనము ఎన్నడైన మాటలాడితిమా?

4. మన ఊరిలో సేకరణ దినము జరిపినచో, కరపత్రమున "తెండు", "తేవలదు" అను వరుసలలో ఏయే పేర్లు వ్రాయుదుము? వ్రాయుటకు ముందు ఎవరినెవరిని అడుగవలెను?